ఏరెక్కే చేపకి దారేదిరా?

ఒరే గుంటల్లారా, కుళాయి తిప్పగానే నీళ్లొస్తున్నాయి కదా అని ఏరుతో మీకు పనే లేకుండా పోయింది. మా రోజుల్లో నీళ్లు కావాలంటే నూతికో, ఏటి చెలమకో కడవెత్తుకుని నడవాలి. నడిచినవాడికి ఏరు తెలిసేది. ఏ మలుపులో లోతుందో, ఏ బండ కింద మలుగుపాము దాక్కుంటుందో, ఏ కార్తెకి నీరు ఎర్రబడుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడు మీకు తెలిసిందల్లా మోటారు ఎన్నింటికి వేస్తారన్నదే. వంతెన మీద బండి ఆపి ఫొటో తీసుకుంటారు గానీ కింద పారేది ఏ ఏరో అడిగితే నీళ్లు నములుతారు.

చెబుతాను వినండి. మహేంద్రగిరి నుంచి మహేంద్రతనయ పేరుతో రెండు ఏర్లు దిగుతాయి. ఒకటి వంశధారలో కలుస్తుంది. రెండోది మన సోంపేట వైపు వచ్చి బారువ దగ్గర సముద్రంలో పడుతుంది. ఎండాకాలంలో అక్కడ మొగ ఇసకతో పూడిపోతుంది. తొలకరికి కొండ మీద నాలుగు వానలు పడి కొత్తనీరు దూసుకొచ్చిందంటే మొగ తెగేది. తెగిన మర్నాటి నుంచి చూడాలి! కొత్తనీటి వాసన పట్టుకుని ఉప్పునీటి చేపలు లోపలికొచ్చేవి, ఏట్లో ఉన్నవి గెడ్డల్లోకి, గెడ్డల్లోవి పొలాల్లోకి ఎగబాకేవి. వరి మడి గట్టు తెగినచోట అరచేయంత లోతు నీరు జారుతుంటే, పరిగెలు ఆ జారుడులో ఒక రాయి వెనక ఆగి, తోకలు మాత్రం ఆడించుకుంటూ ఊపిరి తీసుకునేవి. ఒకటి ఎగిరేది, పడేది. మళ్లీ అదే రాయి వెనక్కి వెళ్లి ఆగేది. మళ్లీ ఎగిరేది. వెన్ను సగం గాలిలో ఉండి తడి ఆరిపోతున్నా వెనక్కి తిరిగేది కాదు. మేం మావులు పట్టుకుని గట్టు మీద కూచుని, పట్టడం మరిచిపోయి చూసేవాళ్లం. ఇంటికి ఉత్త చేతుల్తో వెళితే మా అమ్మ తిట్టిన తిట్లు వేరే సంగతి.

మా పెద్దవాళ్లు గెడ్డకి అడ్డంగా దడి కట్టేవారు, కాదనను. కానీ నడిమధ్యన ఒక బారెడు ఖాళీ వదిలేవారు. ఎందుకు తాతా అంటే, వచ్చే ఏడు తినవా అనేవాడు మా తాత. అంతకుమించి వివరించేవాడు కాదు. ఇదే మాట ఫ్రాన్సిస్ డే అనే దొర 1873లో సర్కారుకి పెద్ద నివేదికగా రాసిచ్చాడు. దేశంలోని మంచినీటి చేపల మీద రాసిన నివేదిక అది. ఆనకట్టలు కట్టుకోండి గానీ చేప ఎక్కడానికి సందు వదలండి అన్నాడు. వినేవాళ్లు తక్కువ. అప్పటికే 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గుడ్లు పెట్టడానికి గోదారెక్కే పులసకి ఆ కట్టే చాలావరకు ఆఖరి మజిలీ. 1975లో గంగ మీద ఫరక్కా బ్యారేజీ వచ్చింది. అంతకుముందు అలహాబాదు దాకా వెళ్లిన ఆ చేపే ఆ పై ఊళ్లలో అరుదైపోయింది.

మీ తరానికి చేపంటే చెరువులో మేతేసి పెంచేది, ఐసు పెట్టెలో లారీ ఎక్కేది. ఏటి చేపకి ప్రయాణం బతుకులో భాగంరా. పులస గుడ్లు పెట్టడానికి పైకెక్కుతుంది. మలుగుపాము మంచినీట్లో పెరిగి, గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి దిగుతుంది. పండుగప్పదీ అదే పద్ధతి, పెద్దవి మొగకి దిగుతాయి, పిల్లలు తిరిగొస్తాయి. నీలకంఠ రొయ్య పిల్లలైతే రాత్రిపూట తడి గోడలు పట్టుకుని పాకుతాయి. ఎక్కేవాటికీ దిగేవాటికీ దారి ఒక్కటే. దానికి తలుపేస్తే రెండూ పోతాయి. ఇసక తోడేస్తే ఏట్లో గుడ్లు పెట్టేవి పోతాయి, వాటికి గుడ్లు పెట్టే అడుగే ఉండదు కనక. ఊరి మురుగంతా గెడ్డలోకి వదిలితే అన్నీ పోతాయి. పలాసలో వరహాల గెడ్డ పక్కన ముక్కు మూసుకుని నడిచేవాడికి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇక అసలు విషయానికొస్తాను. కుళాయి నీళ్లు వద్దని నేననను. మా రోజుల్లో అన్నీ బాగున్నాయని అంటాను గానీ ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతొచ్చేసరికి నా నోరు పెగలదు. కవిటి, వజ్రపుకొత్తూరు, మందస ఊళ్లలో ఎన్ని ఇళ్లు దీపం ఆరిపోయాయో చూసినవాణ్ణి. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు, నూతినీటి మీద అనుమానం మాత్రం పోలేదు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల్లో ఇక్కడిదాకా తెచ్చే 700 కోట్ల పథకం 2023 డిసెంబరులో మొదలైతే సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ నీరు ఆగకూడదు. కానీ ఆ వంశధార మీదే ఉన్న గొట్టా బ్యారేజీ గేట్ల దగ్గర చేప సంగతేమిటని అడిగినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు. రేగులపాడు దగ్గర మహేంద్రతనయ ఆఫ్‌షోర్ జలాశయం ఎప్పటికవుతుందని అడుగుతారు, ఎన్ని ఎకరాలకని అడుగుతారు. కింద ఏట్లో ఎంత వదులుతారని అడగరు.

రెండూ కుదరవంటారా? నా మనవడు సియాటిల్‌లో ఉంటాడు. ఆ ఊరికి తాగునీరు చాలావరకు సెడార్ నది నుంచే. 1901లో లాండ్స్‌బర్గ్ దగ్గర కట్ట వేసి నీరు మళ్లించారు, సాల్మన్ చేపకి పైదారి మూసుకుపోయింది. నూరేళ్ల పాటు మూసే ఉంది. 2000లో ఆ నగరం యాభై ఏళ్ల ఒప్పందం మీద సంతకం చేసింది, కుళాయిలకి ఎంత తీసుకున్నా నదిలో ఇంత నీరు వదిలి తీరాలని. 2003లో చేపలకి మెట్లు కట్టింది. చినూక్, కోహో అనే రకాలు ఇప్పుడు పైకెళుతున్నాయి. సాకై అనే రకాన్ని మాత్రం పోనివ్వరు. అవి గుంపులుగా ఎక్కి, గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతాయి, ఆ కళేబరాలు తాగునీటిని పాడుచేస్తాయని భయం. నాకు నచ్చింది ఆ లెక్కే. జనం నీరూ చూశారు, చేప దారీ చూశారు, కుదిరినచోట వదిలారు, కుదరనిచోట ఆపారు. డబ్బున్న దేశం కాబట్టి చేసిందంటారేమో. మా తాత వదిలిన బారెడు సందుకి ఎంత ఖర్చయిందిరా?

మన జనానికి ఈ విలువ తెలీక కాదు. థర్మల్ కేంద్రాలు రాకుండా 2010లో సోంపేట బీల కోసం, 2011లో కాకరాపల్లి తంపర కోసం తుపాకులకి ఎదురు నిలబడ్డారు, ప్రాణాలు పోయాయి. ఆ చిత్తడి నేలలు చేపకీ పిట్టకీ మనిషికీ అన్నం పెట్టేవని వాళ్లకి ఎవరూ పాఠం చెప్పలేదు. తేలినీలాపురానికి ఏటేటా వచ్చే గూడబాతులు పిల్లల్ని పెంచడానికి ఆ తంపర చేపా కావాలి. అక్కడ చేప తగ్గితే తేలినీలాపురం చెట్లు ఖాళీ అవుతాయి.

హిరమండలం జలాశయంలో పట్టేది 19 టీఎంసీల పైచిలుకు. ఉద్దానం గొంతు తడపడానికి ఏడాదికి కావలసింది ఒక టీఎంసీకి కాస్త పైన. మిగిలినదాంట్లో ఏటికి కొంత వదలమనడం అత్యాశ కాదు. తొలకరి మొదటి వరదని గేట్లు దించి పట్టేయకుండా కొన్నాళ్లు పోనివ్వాలి. కొత్తగా కట్టే ప్రతి కట్టకీ చేప మెట్లు నక్షాలోనే ఉండాలి. గెడ్డలోకి మురుగు శుద్ధి చేశాకే వదలాలి. ఈ మూడూ మీ వార్డు సభలో, మీ పంచాయతీలో, నీటి సంఘం సమావేశంలో మీరే ఎత్తండి, ముసలాళ్లం ఎత్తితే చాదస్తం అంటారు. ఎత్తేముందు జూన్‌లో ఒకసారి బారువ వెళ్లి, మొగ తెరుచుకుందో లేదో మీ కళ్లతో చూసి రండి.