ముక్కు మీద పాశర్లపూడి

రంధ్రం మూయడం ఎంత కష్టమో కోనసీమవాళ్ళకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావిలో బ్లోఅవుట్ జరిగి ఆకాశమంత మంట లేచింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. విదేశాల నుంచి మంటలార్పే నిపుణులు దిగారు. ఇంతా చేస్తే ఆ ఒక్క కన్నాన్ని అదుపు చెయ్యడానికి 65 రోజులు పట్టింది. ముప్ఫై ఏళ్ళు తిరిగాయో లేదో, అదే సీమలో అమలాపురం నుంచి రాజోలు దాకా ఏ బ్యూటీ పార్లరు కుర్చీలో కూచున్నా "ఓపెన్ పోర్స్ బాగా ఎక్కువున్నాయండి, క్లోజ్ చేసేద్దామండి, ఆయ్" అంటున్నారు. ఒకటీ అరా కాదు, వందలు. అదీ గంటలో. చమురు సంస్థకి చేతకాని పని ఒక ఫేస్‌ప్యాకుకి చేతనయిందంటే సంతోషించాల్సిందే గానీ, నా వాదన వేరు. ముఖం మీద ఆ గుంటలు మూసుకునేవి కావు, మూయాల్సిన అవసరమూ లేదు. వాటిని కాస్త తగ్గించుకోవడానికి కావలసిన సరంజామా చాలా చవక. మిగతా ఖర్చంతా మనం వెలుతురు గురించీ దూరం గురించీ ఆలోచించనందుకు కడుతున్న జరిమానా.

ముందు ఆ గుంటలేమిటో చూద్దాం. అద్దంలో కనబడేవి చెమట రంధ్రాలని చాలామంది నమ్మకం. చెమట రంధ్రాలు వేరు, అవి మామూలు కంటికి ఆనవు. కనబడేవి నూగు వెంట్రుకలు మొలిచే కుదుళ్ళ నోళ్ళు. వాటిలోకి నూనె గ్రంథులు తెరుచుకుంటాయి, ఆ నూనె అక్కణ్ణించే పైకొస్తుంది. ఆ నోటి చుట్టూ దాన్ని తెరిచి మూసే కండరమేదీ లేదు. కాబట్టి ఆవిరి పడితే తెరుచుకుంటాయి, ఐసుముక్క రాస్తే మూసుకుంటాయి అన్నది వినడానికి ఎంత ముచ్చటగా ఉన్నా జరిగే పని కాదు. ఆవిరికి లోపలి జిడ్డు కాస్త మెత్తబడుతుంది. ఐసుకి చర్మం కాసేపు బిగుసుకుంటుంది, కరెంటు పోయి ఫ్యాను ఆగేదాకా. కోడిగుడ్డు తెల్లసొన ఆరేటప్పుడు పొరలా లాగి పడుతుంది, కడుక్కోగానే ఆ బిగువు సింకులో కలిసిపోతుంది. నిమ్మకాయ సంగతి మరీ అన్యాయం. అంత పులుపు ముఖానికి పట్టించి ఎండలోకి వెళ్తే గుంటలు తగ్గకపోగా మంటా, మచ్చా మిగులుతాయి. ఇక ముక్కు మీద నల్లచుక్కలు మురికి అనుకుని పీచు పెట్టి తోమేవాళ్ళున్నారు. ఆ నలుపు మురికి వల్ల వచ్చింది కాదు. గుంటలో చిక్కుకున్న జిడ్డూ, చర్మపు రంగు పదార్థమూ గాలి తగిలి నల్లబడతాయి. తోమితే ముక్కు ఎర్రబడుతుంది, నలుపు అలాగే ఉంటుంది, రెండు రంగులవుతాయి.

గుంట పెద్దదవడానికి వంశం ఒక కారణం, నూనె ఒక కారణం, వయసూ ఎండా కలిసి చర్మం పట్టు సడలించడం ఇంకో కారణం. వంశాన్ని ఏమీ చెయ్యలేం, పెళ్ళయిపోయిన తల్లిదండ్రుల్ని ఇప్పుడు మార్చుకోలేం కదా. నూనె మాత్రం కోనసీమలో తీరిగ్గా మాట్లాడుకోవాల్సిన విషయం. చర్మం వేడి ఒక డిగ్రీ పెరిగితే నూనె ఊరడం దాదాపు పదో వంతు పెరుగుతుందని చర్మవైద్యులు ఎప్పుడో కొలిచి చెప్పారు. సముద్రం ఒకవైపు, గోదావరి పాయలు రెండువైపులా, మధ్యలో కాలువలూ చేలూ తోటలూ. ఈ ఉక్కలో రోహిణీ కార్తెలో ముక్కు మెరవకపోతే అనుమానించాలి గానీ మెరిస్తే ఎందుకు? దానికి తోడు కొబ్బరినూనె. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి కూతవేటు దూరంలో ఉండి కొబ్బరినూనెని ఒక్క మాట అన్నా కొట్టడానికొస్తారని తెలుసు, అయినా అనక తప్పదు. కుదుళ్ళని పూడ్చే గుణాన్ని సున్నా నుంచి అయిదు దాకా కొలిచే పట్టికలో కొబ్బరినూనెకి నాలుగు మార్కులిచ్చారు. మన పిల్లలకి లెక్కల్లో రావలసిన మార్కులు దీనికొచ్చాయి.

కొబ్బరి తరఫు వకీళ్ళ దగ్గర మంచి జవాబే ఉంది, అది దాచడం న్యాయం కాదు. ఆ పట్టికలో మార్కులు చాలామటుకు కుందేలు చెవుల మీద నూనెలు రాసి వేసినవి. కుందేలు చెవి మనిషి బుగ్గ కన్నా చాలా తొందరగా పూడుకుపోతుంది. కుందేలు చెవికీ కొత్తపేట బుగ్గకీ ఒకే తీర్పా అని అడగొచ్చు. కొబ్బరినూనెలో దాదాపు సగం ఉండే లారిక్ ఆమ్లం మొటిమల సూక్ష్మజీవిని ప్రయోగశాలలో చంపుతుందన్నదీ నిజమే. ఒప్పుకుంటాను. కానీ ప్రయోగశాలలో గిన్నెకి కుదుళ్ళుండవు, అది పూడుకుపోయే ప్రశ్నే లేదు. అసలే నూనె ఊరుతున్న ముక్కు మీద ఇంకో నూనె రాసి, ఎందుకు జిడ్డోడుతోందని అడగడం గోదావరికి నీళ్ళు మోసి వరదొచ్చిందని ఏడవడమే. తలకి రాసుకోండి, మోచేతులకీ మడమలకీ రాసుకోండి, ముక్కునీ నుదుటినీ వదిలెయ్యండి. తలకి కూడా కారేంత రాస్తే మధ్యాహ్నానికి అది నుదుటి మీదికి దిగి మొటిమలు తెస్తుంది. "మా అమ్మమ్మ జీవితమంతా రాసుకుంది, ముఖం అద్దంలా ఉండేది" అన్న అభ్యంతరానికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే: అమ్మమ్మ ముఖాన్ని చేతి దూరంలో ఫోను పెట్టి ఎవరూ ఫొటో తియ్యలేదు. పైగా ఆవిడ సున్నిపిండితో నలుగు పెట్టుకుంది. పెసరపిండీ శనగపిండీ జిడ్డుని బాగా పీలుస్తాయి. పసుపు పూసుకున్న ముఖంలో గుంట ఏదో బుగ్గ ఏదో ఎవరికి తెలిసింది గనక.

దూరం మాట వచ్చింది కాబట్టి లెక్క చూద్దాం. మంచి చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కన్నా చిన్నదాన్ని విడదీసి చూడలేదు. అంటే మీటరు దూరంలో 0.3 మిల్లీమీటర్లు, రెండు మీటర్లలో 0.6. ముఖం మీద గుంటలు చాలామటుకు అర మిల్లీమీటరు లోపువే. రెండు మీటర్ల అవతల నిలబడ్డవాళ్ళకి మీ ముఖం మీద అసలు ఏమీ లేదన్నమాట. ఇప్పుడు పెళ్ళిచూపులు ఊహించుకోండి. అటు సోఫాలో అబ్బాయి తరఫువాళ్ళు, ఇటు అమ్మాయి, మధ్యన టీపాయ్, దాని మీద ఆత్రేయపురం పూతరేకులు. ఎంత ఇరుకు హాలైనా రెండు మీటర్లకి తగ్గదు. కాఫీ అందించేటప్పుడు దగ్గరికి రావాలి కదా అంటారు. వస్తుంది, కానీ ఆ క్షణంలో అబ్బాయి చూపు కప్పు ఒలుకుతుందేమోనన్న భయం మీదా, వాళ్ళమ్మగారి చూపు గాజుల తూకం మీదా ఉంటాయి. ఆ మాటకొస్తే మగవాళ్ళకి హార్మోన్ల పుణ్యమా అని నూనె ఎక్కువ, గుంటలూ పెద్దవే. సంబంధం మాట్లాడేటప్పుడు కొబ్బరితోట ఎన్నెకరాలు, కువైట్‌లో జీతమెంత అని అడిగినవాళ్ళున్నారు గానీ, అబ్బాయి ముక్కుని భూతద్దం పెట్టి చూసినవాళ్ళు లేరు.

మరి ఇంత చిన్న విషయం ఇంత పెద్దదెలా అయింది? నా అనుమానం ఇది. మన ముత్తాతల కాలంలో ముఖం మీద గుంట అంటే నిజంగా గుంటే. అమ్మవారు పోసి, చావు తప్పి బయటపడ్డవాళ్ళ బుగ్గల మీద ఆ మచ్చలు జీవితాంతం ఉండిపోయేవి. దేశంలో మశూచి చివరిగా 1975 మే నెలలో కనబడింది, 1980లో భూమ్మీదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పెద్ద గుంటలు పోయి బుగ్గలు చదునయ్యాక కంటికి పని తగ్గింది, చిన్నవి వెతకడం మొదలెట్టింది. ఆ వెతుకులాటకి ఫోను దొరికింది. పన్నెండంగుళాల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, అయిదడుగుల నుంచి తీసిన ఫొటోలో కన్నా 30 శాతం దాకా వెడల్పుగా కనబడుతుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కకట్టి ప్రచురించారు. ఫోను ముందు ముక్కుని పెంచుతుంది, తర్వాత ఫిల్టరు పెట్టి దాని మీద గుంటల్ని తుడిచేస్తుంది. ఆ ఫొటో చూసుకుని అద్దం దగ్గరికెళ్తే పాపం అద్దం అబద్ధమాడుతున్నట్టుంటుంది. ఇంకో తమాషా ఉంది. పెళ్ళికూతురికి గంటల తరబడి ముఖం మీద ఉన్న మచ్చా గుంటా ఏదీ మిగలకుండా చెరిపేసి, ఆఖర్న దిష్టి తగలకుండా కాటుకతో బుగ్గచుక్క పెడతారు. ముఖం మరీ నున్నగా ఉండకూడదని తెలిసిన పెద్దలు ఖర్చు లేకుండా పెట్టిన చుక్క అది. దేవుడు ఉచితంగా పెట్టినవి మాత్రం మనకి పనికిరాలేదు.

మేకప్‌తో కనబడకుండా చెయ్యొచ్చా అంటే, చెయ్యొచ్చు. ప్రైమరంటే గోడకి లప్పం పెట్టడమే. అందులోని సిలికోన్ గుంటని నింపి చదును చేస్తుంది, సన్నటి సిలికా పొడి వెలుతుర్ని చెదరగొడుతుంది. కానీ తడిగోడ మీద లప్పం నిలవదని పెయింటరుకి తెలుసు. వైశాఖమాసం ముహూర్తం, కల్యాణమండపం నిండా జనం, ఎదురుగా హోమం పొగ. సుముహూర్తానికి నెత్తిన జీలకర్ర-బెల్లం, చెమటతో కలిసి నుదుటి మీదికి ఒక పాయ. తర్వాత తలంబ్రాలు, పసుపు బియ్యం బుగ్గలకి అతుక్కోవడం. ఇన్ని దండయాత్రలకి ఏ ప్రైమరు ఆగుతుంది? ఎంత మందంగా పూస్తే అంత తొందరగా పగుళ్ళిచ్చి గుంటల చుట్టూ పేరుకుని, లేనివి కూడా ఉన్నట్టు చూపిస్తుంది. పౌడరు మీద పౌడరు అద్దితే మరీనూ. పలచగా, ముక్కుకీ దాని పక్కలకీ మాత్రం, ముందు జిడ్డు అద్దేసుకుని రాస్తే సరిపోతుంది. అసలు గుట్టు వెలుతుర్లో ఉంది. గుంట కనబడేది దాని నీడ వల్ల. వెలుతురు పక్కనుంచి పడితే ప్రతి గుంటకీ నీడ పడుతుంది, ఎదురుగా మెత్తగా పడితే సగం మాయమవుతాయి. గోడవార కాకుండా కిటికీకి ఎదురుగా నిలబడటం ఏ దుకాణంలోనూ కొనాల్సిన సరుకు కాదు.

నిజంగా తగ్గించుకోవాలనుకునేవాళ్ళకి దారి ఉంది, అందులో నాటకీయత లేదు, అందుకే ఎవరూ ప్రచారం చెయ్యరు. రోజుకి రెండుసార్లు గాఢత లేని ఫేస్‌వాష్. రెండు శాతం దాకా ఉండే సాలిసిలిక్ ఆమ్లం, ఇది నూనెలో కరిగేది కాబట్టి గుంటలోకి దిగి జిడ్డుని వదులు చేస్తుంది. నియాసినమైడ్ కొందరికి జిడ్డు తగ్గిస్తుంది. ఎండలో తిరిగేవాళ్ళకి సన్‌స్క్రీన్, లేదా మన పాత గొడుగు, కుదిరితే రెండూ. ఇంకా కావాలంటే చర్మవైద్యులు రాసే రెటినాయిడ్ క్రీములు రాత్రిపూట. ఫలితానికి నెలలు పడుతుంది, గర్భిణులు వాడకూడదు. పక్కింటి పిన్నిగారికి పనిచేసిందని మందుల షాపులో స్టెరాయిడ్ క్రీము అడక్కండి. ముందు ముఖం నిగనిగలాడుతుంది, ఆ తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలేస్తుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి పద్నాలుగు రకాల స్టెరాయిడ్ క్రీముల్ని కేంద్రం 2018లోనే చేర్చింది. జాబితా సంగతి షాపుకి తెలిసినా ముఖానికి తెలియదు.

ఇదంతా చదివి "పార్లరు నడుపుకునే ఆడవాళ్ళ పొట్ట కొడుతున్నారా" అంటే, లేదు. కనుబొమలు తీర్చడానికి, పూలజడ అల్లడానికి, పెళ్ళికూతుర్ని నాలుగు గంటలపాటు ఏడవకుండా కూచోబెట్టడానికి కావలసిన నేర్పు వాళ్ళకుంది. దానికి ఎంత తీసుకున్నా తక్కువే. మూసుకోని దాన్ని మూస్తామని చెప్పక్కర్లేదంతే. "ఎవరి ముఖం వాళ్ళిష్టం, అందంగా ఉన్నామనిపిస్తే ధైర్యంగా ఉంటుంది" అన్న మాటకి నేను అడ్డం చెప్పను. పూసుకోండి, దిద్దుకోండి, పండగలా ఉండండి. అలంకరణ అలంకరణే, రిపేరు అనుకున్నప్పుడే గొడవ. చర్మానికి కుదుళ్ళుండటం జబ్బు కాదు, అది పనిచేస్తోందనడానికి గుర్తు.

రాబోయే ముహూర్తాలకి మండపాల్లో కెమెరాలు మోసే తమ్ముళ్ళకి ఒక మనవి మిగిలింది. పెళ్ళికూతురి ముక్కుకి జానెడు దూరంలో లెన్సు పెట్టకండి. వెలుతురు ఎదురుగా ఉండేలా చూసుకుని అయిదడుగులు వెనక్కి జరగండి. జరిగే ముందు మాత్రం వెనక్కి ఒకసారి చూసుకోండి, మన ఊళ్ళలో వెనకాల కాలువ ఉండే అవకాశం చాలా ఎక్కువ.