వెల్లకిలా పెడితే ముందుకి, నిలబెడితే వెనక్కి

నాలో వెంట్రుకలాంటి సన్నని స్ప్రింగు ఒకటి చుట్టలు చుట్టుకుని ఉంటుంది. దాని బిగువుతో బ్యాలెన్స్ చక్రం ఇటూ అటూ గంటకు 28,800 సార్లు ఊగుతుంది. అంటే సెకనుకు ఎనిమిది ఊపులు. నేను రోజుకు ఐదు సెకన్లు తప్పానంటే, సుమారు పదిహేడు వేల సెకన్లకు ఒక్క సెకను తప్పానన్నమాట. గేర్లూ స్ప్రింగులూ తప్ప మరేమీ లేని చేతి వాచీకి అది చిన్న సంగతి కాదు.

1675లో హైగెన్స్ అనే శాస్త్రవేత్త ఈ చుట్టల స్ప్రింగుతో నడిచే గడియారాన్ని లోకానికి చూపించాడు. కానీ వేడి తగిలితే మామూలు ఉక్కు స్ప్రింగు బిగువు తగ్గి, గడియారం మందగించేది. స్విట్జర్లాండులోని ఫ్లూరియేలో గడియారాల పనివాడి ఇంట పుట్టిన షార్ల్ ఎడ్వార్ గియోమ్, నికెల్ కలిపిన ఉక్కుల మీద ఏళ్లకేళ్లు పనిచేసి, వేడికి బిగువు దాదాపు మారని ఎలిన్వార్ అనే మిశ్రలోహాన్ని తయారుచేశాడు. నికెల్ ఉక్కుల మీద చేసిన ఆ కృషికే 1920లో ఆయనకు ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది. నా స్ప్రింగు ఆ వంశానిదే. విజయవాడ ఎండల్లో నా నడక చెడలేదంటే ఆయన చలవే.

నేను పుట్టింది కూడా స్విట్జర్లాండులోనే, బీల్ పట్టణంలో. కేసులో కూర్చోబెట్టకముందే నన్ను క్రోనోమీటర్ పరీక్షకు పంపారు. పదిహేను రోజులు, ఐదు భంగిమలు, 8, 23, 38 డిగ్రీల వేడి. సగటున రోజుకు నాలుగు సెకన్లు వెనకబడినా, ఆరు సెకన్లు ముందుకెళ్లినా అక్కడ ఒప్పుకుంటారు. అందరూ ఆ అంకెనే చెప్పుకుంటారు. పరీక్షలో ఉన్న ఏడు కొలతల్లో నాకు ముఖ్యమైనది మాత్రం వేరు: ఒక రోజుకూ మరో రోజుకూ నా నడకలో తేడా ఎంత? రోజూ ఐదు సెకన్లు ముందుకెళ్లే వాచీని దారికి తేవచ్చు. ఇవాళ ముందుకి, రేపు వెనక్కి పోయేదాన్ని ఏ చేయీ దిద్దలేదు, దాని సగటు సున్నాకు ఎంత దగ్గరున్నా సరే.

జ్యూరిక్‌లో ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి నన్ను కొని, కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరై విజయవాడలో ఉంటున్న తండ్రికిచ్చింది. పరీక్షశాలలో నేర్చిన నడక మనిషి చేతి మీద అలాగే సాగదు. మాస్టారు నడిచినంతసేపూ నా రోటరు తిరిగి మెయిన్ స్ప్రింగుకు కీ ఎక్కుతుంది. ఆయన కుర్చీలో కూర్చుని పుస్తకం పట్టుకుంటే కీ తగ్గుతుంది, చక్రం ఊపు చిన్నదవుతుంది, నడక మారుతుంది.

ఒకసారి ఉన్నట్టుండి రోజుకు నిమిషాల తరబడి ముందుకు పరిగెత్తాను. ట్యాబ్ కవర్లోని అయస్కాంతం పక్కన రాత్రంతా పడి ఉన్నాను మరి. స్ప్రింగు చుట్టలు ఒకదాన్నొకటి పట్టుకుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే. పొట్టిదైతే వేగం పెరుగుతుంది. బీసెంట్ రోడ్డు దగ్గరి సందులో వాచీలు బాగుచేసే ఆయన డీమాగ్నెటైజర్ మీద పెట్టి, బొత్తం నొక్కి, నన్ను మెల్లగా దూరంగా తీశాడు. అంతే, ఆ జబ్బు పోయింది. అయినా రోజుకు ఏడు సెకన్ల తేడా మిగిలింది.

"మాస్టారూ, రాత్రి పడుకునేటప్పుడు దీన్ని ఎలా పెడతారండీ?" అని అడిగాడు.

"బల్ల మీద వెల్లకిలా పెడతానయ్యా."

నా గురించి ఎవరైనా అడగవలసిన ప్రశ్న అదే. వెల్లకిలా ఉన్నప్పుడు చక్రం ఇరుసు తన కొన మీద కెంపు రాయిపై నిలబడుతుంది, రాపిడి తక్కువ. నిలువుగా ఉంటే ఇరుసు పక్కలు రాతి కన్నానికి రాసుకుంటాయి, ఊపు తగ్గుతుంది. టైమింగ్ మెషిన్ మీద వెల్లకిలా ఉంటే పది సెకన్లు ముందు, నిలువుగా, కీ తిప్పే బొత్తం కిందికుంటే రెండే. ఆయన భూతద్దం కంటికి బిగించి, రెగ్యులేటర్ ముల్లును కనీకనిపించనంత జరిపాడు. అన్ని భంగిమల్లోనూ ఐదేసి సెకన్లు తగ్గాయి. పగలు చేతి మీద ఇంచుమించు సరిగ్గా నడుస్తాను, రాత్రి బల్ల మీద కాస్త కూడగట్టుకుంటాను. మొత్తం మీద రోజుకు రెండు సెకన్లు ముందు. తేడా పోగుపడితే మాస్టారు కొన్నాళ్లు రాత్రుళ్లు నన్ను పక్కకి నిలబెడతారు, మళ్లీ దారికొస్తాను. ఒకే యంత్రం ఇంకొకరి చేతికి వెళితే ఈ లెక్క పనికిరాదు.

కొన్నేళ్లకు నా నడకలో నిలకడ పోయింది. "ముల్లు ఇంకాస్త జరపవయ్యా" అన్నారు మాస్టారు. మెషిన్‌లో ఊపు 280 డిగ్రీల నుంచి 210కి పడిపోవడం చూసి వాచీలు బాగుచేసే ఆయన ఒప్పుకోలేదు. "నూనె ఎండిందండీ. ఇప్పుడు ముల్లు జరిపితే వచ్చే వారానికి మళ్లీ తప్పుతుంది." నన్ను ముక్కముక్కగా విప్పి, కడిగి, ఇరుసు ఇరుసుకూ కొత్త నూనె చుక్క పెట్టాడు. ఊపు 280కి వచ్చాక చూస్తే ముల్లును ముట్టుకోవలసిన పనే లేకపోయింది.