పంది ఏదైనా తింటుందని చెప్పేవాళ్ల సలహాలు

"పంది ఏదేస్తే అది తింటది అన్నా, దాణాకు పైసలెందుకు పోస్తవ్?"

చేవెళ్ల దగ్గర మా పొలంలో షెడ్డుకు పునాది తీస్తున్న రోజునే ఈ మాట విన్నాను. ఆ తర్వాత పన్నెండేళ్లలో నా చెవిన పడిన తప్పుడు సలహాలన్నీ దీని పిల్లలే. జాతీయ పశుగణ మిషన్ కింద 100 ఆడపందులు, 10 మగపందుల యూనిట్‌కు 30 లక్షల రూపాయల దాకా సబ్సిడీ వస్తుందని తెలిశాక, ఎన్నడూ పందిని ముట్టనివాళ్లు కూడా ఈ పనిలోకి దిగుతున్నారు. వాళ్లకు మొదట ఎదురయ్యేవి ఈ సలహాలే. అందుకే రాస్తున్నాను.

పంది ఏదైనా తింటుందన్న మాటలో అబద్ధం లేదు. తిన్నది ఏమవుతుందో ఎవరూ అడగరు, చిక్కంతా అక్కడే. పంది నెమరు వేయదు. ఆవు కడుపులో సూక్ష్మజీవులు గడ్డిని, చొప్పను పులియబెట్టి మాంసకృత్తులు తయారుచేసి పెడతాయి. పందికి మనలాగే ఒకే గది కడుపు. మంచి తిండి పెడితేనే మంచి కండ పడుతుంది. ఫారం ఖర్చులో మూడింట రెండు వంతులు మేతకే పోతుంది కాబట్టి అక్కడ కోత పెట్టాలనిపించడం సహజం. అయితే కోత ఎక్కడ పెట్టాలో తెలియాలి.

హోటల్ వేస్ట్ ఉచితం కదా, ఊరికే పారబోస్తున్నారు, డ్రమ్ముల్లో తెచ్చుకో అంటారు. నేనూ తెచ్చాను. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి ఆటో ట్రాలీ నగరంలోకి వెళ్లేది. ఆ డ్రమ్ములో ముప్పాతిక వంతుకు పైగా నీళ్లే. పది కిలోలు మోసుకొస్తే ఎండు పదార్థం రెండు కిలోలు ఉండేది, అందులో ఎక్కువ భాగం అన్నం. డీజిలు, కూలి, ఏరిపారేసే శ్రమ కలిపి లెక్కేస్తే ఉచితమన్న మాట నిలబడలేదు. ఎముకలు, ప్లాస్టిక్ కవర్లు, పళ్లు కుట్టుకునే పుల్లలు ఏరేసరికి పొద్దెక్కేది. మాఘమాసంలో పెళ్లిళ్లు జోరుగా సాగే రోజుల్లో బిర్యానీ కుప్పలు వచ్చేవి, ఆషాఢంలో డ్రమ్ములు సగం కూడా నిండేవి కావు. పంది పెరుగుదల మన ముహూర్తాలను బట్టి నడవదు. ఒక నెల కడుపునిండా, ఒక నెల అరకొరగా తిన్న పంది ఆరు నెలలకు అమ్మకానికి రాదు, తొమ్మిది నెలలు పడుతుంది. ఆ మూడు నెలల మేత ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

అది డబ్బు నష్టం. ఫారమే పోయే ముప్పు వేరే ఉంది. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడింది. మన దేశంలో అదే మొదలు. అది మనుషులకు రాదు, పందికి వస్తే మాత్రం చికిత్స లేదు. ఆ వైరస్ ఎండబెట్టిన మాంసంలోనూ గడ్డకట్టించిన మాంసంలోనూ నెలల తరబడి బతికి ఉంటుంది. పెద్ద హోటల్ బఫేలో మిగిలిన ఒక్క సాసేజీ ముక్క చాలు. గాలికుంటు సంగతీ అంతే. 2001లో ఇంగ్లండులోని హెడన్ అనే ఊళ్లో ఒక పందుల ఫారం ఉడకబెట్టని ఎంగిలి మేపింది. ఆ దేశమంతా పాకిన గాలికుంటు అక్కడే మొదలైందని విచారణలో తేల్చారు. 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. ఆ తర్వాత అక్కడ ఎంగిలి మేపడాన్నే నిషేధించారు.

"కొంచెం సెగ చూపిస్తే సరిపోతది" అనే సలహా ఇంకా ప్రమాదం. పైన ఆవిరి లేచినా అడుగున గడ్డ చల్లగానే ఉంటుంది. తప్పనిసరై ఎంగిలి వాడుతుంటే కుతకుత ఉడుకుతుండగా కలియబెడుతూ కనీసం అరగంట ఉంచాలి. పచ్చి ఎంగిలి తెచ్చిన బకెట్, గరిట, చెప్పులు ఉడికిన మేత దగ్గరికి రాకూడదు. ఇంత చేయలేననిపించి నేను మానేశాను.

నీళ్ల గురించి చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. ఒక ఏడాది ఏప్రిల్ నెలలో బోరు మోటారు కాలిపోయింది. అంతలో వచ్చిన ఒక పెద్దాయన, "ఒక్కరోజు తాగకపోతే ఏమైతది, ఒంటి మీద చల్లు" అన్నాడు. మర్నాడు సాయంత్రానికి కొన్ని పందులు కుక్కల్లా కూర్చుండిపోయి, మూతి పైకెత్తి, కళ్లు కనపడనట్టు గోడకు ఢీకొంటూ మూర్ఛలు పోయాయి. ఎవరో విషం పెట్టారనుకున్నాం. విషం ఉప్పు. మేతలో ఉండే మామూలు ఉప్పే, తాగడానికి నీళ్లు లేకపోతే మెదడుకు ఎక్కుతుంది. ఎంగిలిలో ఊరగాయ, అప్పడం కలిస్తే ఇంకా త్వరగా ఎక్కుతుంది. మోటారు బాగుకాగానే తొట్లు నిండా నింపేశాం. అదీ తప్పే. దాహంతో ఉన్న పందికి ఒక్కసారిగా నీళ్లు వదిలితే మెదడు వాచిపోతుంది. కొద్దికొద్దిగా, కాసేపటికి ఒకసారి పట్టించాలి. ఈ సంగతి ఆ రోజు నాకు తెలిసి ఉంటే చచ్చిపోయిన పదకొండు పందుల్లో కొన్నయినా మిగిలేవి.

తవుడు ఒక్కటి చాలనేది మిల్లుల దగ్గర వినిపించే మాట. తవుడు మంచిదే, నేనూ వాడతాను. అయితే పచ్చి తవుడులో నూనె 15 శాతం దాకా ఉంటుంది. బియ్యం మర పట్టిన గంటల్లోనే ఆ నూనె చెడడం మొదలవుతుంది, వారం నిల్వ ఉంచితే ముక్కవాసన కొడుతుంది. అందులో భాస్వరం ఉన్నా ఎక్కువ భాగం పందికి అరగని రూపంలో ఉంటుంది, కాల్షియం మరీ తక్కువ. తవుడు మీదే బతికిన ఆడపంది నాలుగైదు వారాలు పిల్లలకు పాలిచ్చేసరికి వెనక కాళ్ల మీద లేవలేదు. దాన్ని చూసి పక్షవాతం అంటారు. ఎముకల్లో సున్నం అయిపోవడం అది. మొక్కజొన్న, నూకలు బలానికి, సోయా చెక్క కండకు, ఖనిజ లవణ మిశ్రమం ఎముకకు. మొక్కజొన్నలో లోటుగా ఉండే లైసిన్‌ను సోయా చెక్క తీరుస్తుంది. ఒకే దాణా అందరికీ వేయమనేవాళ్లూ ఉన్నారు. చిన్నపిల్లలకు మాంసకృత్తులు 20 శాతం పైన ఉండాలి, ఎదిగే పందికి 16 నుంచి 18, అమ్మకానికి దగ్గరపడ్డ పందికి 13, 14 చాలు. కోత పెట్టదలిస్తే ఈ చివరి దశలో పెట్టండి.

బూజు పట్టిన మొక్కజొన్న చవకగా దొరికితే కొనకండి. కల్లంలో వానకు తడిసిన గింజలో అఫ్లటాక్సిన్ చేరుతుంది, అది కడిగినా ఉడికించినా పోదు. ఇంకోరకం బూజు విషానికి ఆడపంది పిల్లల్లో ఎద లేకుండానే ఎదకొచ్చినట్టు వాపు కనిపిస్తుంది. దాన్ని నమ్మి దాటించినవాళ్లకు చూడి నిలవక ఆ నెల వృథా అయింది.

మన ఇళ్ల ఆలోచన పందికి పనికిరాని చోటు ఒకటుంది. కడుపుతో ఉంటే ఇద్దరి తిండి తినాలంటాం, పంది విషయంలో లెక్క తలకిందులు. చూడి కాలం దాదాపు 114 రోజులు. అన్ని రోజులూ రోజుకు రెండు, రెండున్నర కిలోలే పెట్టాలి, చివరి మూడు వారాల్లో మాత్రం కాస్త పెంచాలి. కొవ్వు పట్టిన పంది ఈనడానికి కష్టపడుతుంది, పక్కకు తిరిగితే పిల్లలు నలుగుతాయి. అన్నిటికన్నా చెరుపేమిటంటే, ఈనాక అది మేత ముట్టదు. ఈనాక కదా ఆకలి వేయాల్సింది! పది పిల్లలున్న తల్లి రోజుకు ఐదారు కిలోలు తినాలి. మూడునాలుగు పూటలుగా, ఎండాకాలంలో తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక పెడితే తింటుంది.

పుట్టిన పిల్లలకు ముర్రుపాలు "అరగవు, పిండి పారబొయ్యి" అన్నవాళ్లను నేను చూశాను. పందిపిల్ల తల్లి కడుపులో రోగనిరోధక శక్తిని పొందదు, ముర్రుపాలే దానికి రక్షణ. మొదటి ఆరు గంటల్లో ప్రతి పిల్లా తాగిందో లేదో కూర్చుని చూడాలి. తల్లి పాలలో ఇనుము రోజుకు ఒక మిల్లీగ్రాము వస్తే పిల్లకు ఏడు కావాలి. అందుకే మూడో రోజున ఇనుము సూది వేయాలి. సిమెంటు నేల మీద పెరిగే పిల్లకు మట్టిలోంచి వచ్చే ఇనుమూ ఉండదు.

మేతలో కొలిస్టిన్ పొడి కలిపితే బరువు వస్తుందన్న సలహా ఇప్పటికీ వినిపిస్తోంది. తిండికోసం పెంచే జంతువులకు దాన్ని 2019లోనే మన ప్రభుత్వం నిషేధించింది. ఇతర మందులేవీ పనిచేయని రోగికి ఆసుపత్రుల్లో చివరి దిక్కుగా వాడే మందు అది.

మొన్న శంకరపల్లి వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. కొత్త షెడ్డు, ముప్పై ఆడపందులు. "అన్నా, ఏ కంపెనీ దాణా కొనాలె?" అని అడిగాడు. ఒక లీటరు సీసా ఇచ్చి, ఈనిన పంది గదిలో నీళ్లు తాగే నిపుల్ కింద పట్టి, నొక్కి, గడియారం చూడమన్నాను. నిమిషానికి రెండు లీటర్లు రావాలి. అర లీటరు కూడా నిండలేదు. నా షెడ్డులోనే, నా నిపుల్‌లోనే ఇసుక అడ్డుపడి ఉంది. ఇద్దరం కూర్చుని ఆ సాయంత్రం ఒక్కొక్కటీ విప్పి కడిగాం.