పిచ్ నిర్ణయం: దుర్గం చెరువు టీకా

అవతారిక: మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్న మల్లినాథసూరిది మన మెదక్ కొలిచారమే. ఆ ఒట్టు ఈ టీకాకారుడికి లేదు. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు మీద, 2020లో తెరిచిన తీగల వంతెన కింద, ఎనిమిది మందిని ఎక్కించుకునే ఔట్‌బోర్డు బోటుకు ఏ ఫ్యాను (ప్రొపెల్లరు) బిగించాలన్నదే ఇక్కడి చర్చ.

మూలం: 10⅜ × 13

(ఫ్యాను బొడ్డు మీది సూత్రం. కర్త అజ్ఞాతుడు; క్లుప్తతలో పాణిని చుట్టం.)

ప్రతిపదార్థం: 10⅜ = రెక్కల కొసలు గీసే వృత్తానికి వ్యాసం, అంగుళాల్లో; × = గుణకారం కాదు, గుణించినవాడు శాస్త్రభ్రష్టుడు; 13 = నీళ్లు ఏమాత్రం జారకుండా ఉంటే ఫ్యాను ఒక్క చుట్టుకు ముందుకు పోయే దూరం, అంగుళాల్లోనే. దీనికే పిచ్ అని పేరు.

తాత్పర్యం: ఇంజను నిమిషానికి 5500 చుట్లు తిరిగి, గేరు రెండుకొకటి అయితే ఫ్యానుకు దక్కేవి 2750. చుట్టుకు 13 అంగుళాల లెక్కన గంటకు 54 కిలోమీటర్లు. ఇది కాగితం మీది వేగం. నీళ్లు జారకుండా ఉండవు. తేలిక బోటుకే పదీ ఇరవై శాతం కోత. బరువెక్కితే చెప్పక్కర్లేదు.

పూర్వపక్షం: "13కు 54 వస్తే 17కు 71 కదండీ!" అని అద్దాల మేడలోంచి ఒక శిష్యుడు, ఎక్సెల్ షీటు సహితంగా.

సిద్ధాంతం: నాయనా, అప్పుడు కూడా ఇంజను 5500 తిరుగుతుందని నీతో ఎవరన్నారు? కారు నిండా జనంతో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్‌ను టాప్ గేరులో ఎక్కించి చూడు. ఇదీ అంతే. ముక్కు పైకెత్తి, వెనక కూలబడి, బోటు నీటి మీదికి లేవనే లేవదు. ఇంజను లోలోపల మూలుగుతుంది. అలా రోజూ మూలిగితే పిస్టన్లకే చేటు. పిచ్ మరీ తక్కువైతే తిప్పలు వేరు: ఇంజను హద్దు మీరి కేకలు పెడుతుంది, వేగం మాత్రం ఉండదు.

ప్రమాణాలు మూడు. శబ్దం: ఇంజను కంపెనీ పుస్తకం. ఫుల్ త్రాటిల్‌లో 5000 నుంచి 6000 అని అందులో ఉందనుకుందాం. ప్రత్యక్షం: మనుషులు, లైఫ్ జాకెట్లు, పెట్రోలు అన్నీ ఎక్కించి, త్రాటిల్ పూర్తిగా తోసి, ఆర్‌పీఎం మీటరు చూడడం. ఖాళీ బోటుతో చూసింది ప్రమాణం కాదు. అనుమానం: పిచ్ అంగుళం తగ్గిస్తే దాదాపు 200 చుట్లు పెరుగుతాయి. 17తో 4600 దగ్గర ఆగిపోతే నాలుగంగుళాలు తగ్గించు, 13తో 5400. మూలం నిలబడింది. 17 అంకె నాగార్జునసాగర్‌లాంటి బారు నీళ్లలో, ఇద్దరే ఎక్కే తేలిక బోటుకు దాచుకో.

విశేషం: నిన్నటిదాకా 5400 చూపిన మీటరు ఇవాళ 4800 చూపితే కొత్త ఫ్యానుకు ఆర్డరు పెట్టేవాళ్లున్నారు. ముందు ఇంజను ఆపి, మోటారు పైకెత్తి చూడాలి. గుర్రపు డెక్క చుట్టుకుని ఉండొచ్చు. మన చెరువుల్లో పాలిథిన్ కవరుకే ఎక్కువ అవకాశం.