పీపాలో పెట్టి బీరు కిక్కు పెంచడం ఎలా?
కదిరి ఔత్సాహికులకు ఉచిత సలహాలు

దుకాణంలో స్ట్రాంగ్ బీరులో ఆల్కహాలు 8 శాతం దాటదు. చెక్క పీపాలో మాగబెడితే ఎంతకైనా పెరుగుతుందని నమ్మే మహానుభావులకే ఈ చిట్కాలు.

1. పీపా తెచ్చిన వెంటనే మిద్దె మీద ఎండబెట్టండి. కదిరి ఎండను ఊరికే పోనివ్వకూడదు. పలకలు ఎండి కుంచించుకుపోయి, ఇనుప పట్టీలు వదులై గలగలమంటాయి. అప్పుడు బీరు పోస్తే సందుసందునా కారి తూము దాకా పారుతుంది, కిక్కు మిద్దెకెక్కుతుంది. ముందు నీళ్లు పోసి, పలకలు ఉబ్బి బిగుసుకున్నాక వాడేవాళ్లు వట్టి పిరికివాళ్లు.

2. ఓక్ దేనికి? వేప ఉందిగా! తెల్ల ఓక్ చెక్కలో గొట్టాలు సహజంగానే పూడుకుని ఉంటాయి కాబట్టి బీరు కారదట. వేపచెక్క కారినా ఫరవాలేదు, చేదుకు హాప్స్ ఖర్చు మిగులుతుంది.

3. పాత విస్కీ పీపా ముట్టకండి, అది అరువు కిక్కు. 200 లీటర్ల పీపా చెక్కలో 60 శాతం విస్కీ 5 లీటర్లు ఇంకి ఉందనుకోండి. 8 శాతం బీరు 9 దాటుతుంది. పెంచింది పీపా కాదు, అందులోని విస్కీ. స్వాభిమానం ఉంటే కొత్త పీపానే కొనండి. 8 పోస్తే దాదాపు 8 వస్తుంది.

4. మన కరువు గాలిని నమ్ముకోండి. గాలిలో తేమ ఉంటే చెక్కగుండా ఆల్కహాలు ఎక్కువగా పోతుంది, పొడిగా ఉంటే నీరు. స్కాట్లాండులో విస్కీ ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైతే, బెంగళూరు అమృత్ డిస్టిలరీ వాళ్లకు 10 నుంచి 12 శాతం. మీ 200 లీటర్లలో 20 లీటర్ల నీరు మాత్రమే పోతే 8 కాస్తా 8.9 అవుతుంది. ఆ 0.9 కోసం ముప్పై పెద్ద సీసాల సరుకు గాలికి నైవేద్యం!

5. మూత తీసి ఉంచండి, తొందరగా మాగుతుంది. గాలి తగిలితే బ్యాక్టీరియా ఆల్కహాలును వెనిగర్ చేస్తుంది. పొద్దున తియ్యగా దించిన ఈత కల్లు నిలవుంటే పులిసినట్టే. ఆ వెనిగర్‌ను గోబీ మంచూరియా బండికి అమ్ముకోండి.

6. ఎక్సైజ్ వాళ్లొస్తే నీళ్ల పీపా అనండి. కరువు సీమలో కాదనేదెవరు? వాసన చూస్తే మాత్రం 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది. లైసెన్సు లేకుండా మద్యం తయారీ నేరం.

ఇక అసలు మాట. ఆల్కహాలును పుట్టించేది ఈస్టు, చెక్క కాదు. బీరులో మిగిలిన చక్కెరను పీపాలోని ఈస్టు తింటే కాస్త పెరుగుతుంది, అంతే. పీపా ఇచ్చేది రుచి, వాసన. కిక్కు కోసం పీపా కొనేవాడికి మిగిలేది పీపా ఒక్కటే.