మేక్‌ఫైల్‌ను మాత్రం తీసేయకండి

మీసన్ లాంటి కొత్త బిల్డ్ టూల్‌కి మారిన రోజే పాత మేక్‌ఫైల్‌ను తీసేయమని అనుభవజ్ఞులు చెబుతారు. రెండూ ఉంచుకుంటే రెట్టింపు చాకిరీ అంటారు. ఆ రెట్టింపు చాకిరీయే చేయమని నా సలహా. బోరు పడిందని తాగునీటి బావిని పూడ్చుకుంటామా?

ఈపూరు నుంచి నరసరావుపేటకు ఇంజినీరింగ్ చదువుకు వెళ్లొచ్చే పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఇది చెబుతున్నాను. ఇంట్లో అన్నయ్య వాడి వదిలేసిన లాప్‌టాప్, నెట్ కావాలంటే ఫోన్ హాట్‌స్పాట్. మీ ప్రోగ్రామ్ దించుకుని వాళ్లు ‘మేక్’ అని కొడితే అది కదలాలి. ముందు పైథాన్, తర్వాత మీసన్, ఆపైన నింజా ఎక్కించుకోమంటే డేటా అక్కడే అయిపోతుంది.

లోపల మీసన్ వాడుకోండి, సీమేక్ వాడుకోండి. బయట మాత్రం చిన్న మేక్‌ఫైల్ ఉంచండి. ఆల్, చెక్, ఇన్‌స్టాల్, క్లీన్ అనే నాలుగు టార్గెట్లు చాలు. కొత్త టూల్ ఉంటే దాన్ని పిలవాలి, లేకపోతే కంపైలర్‌నే నేరుగా పిలవాలి. డెస్ట్‌డిర్ విలువను లోపలిదాకా పంపడం మరవొద్దు, ప్యాకేజీలు కట్టేవాళ్లు దాని మీదే ఆధారపడతారు. డెబియన్‌లో ప్యాకేజీ కట్టే ‘రూల్స్’ ఫైలు కూడా మేక్‌ఫైలే.

ఆదేశం ఉన్న ప్రతి వరుసా ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. వాట్సాప్‌లో వచ్చింది కాపీ చేస్తే ట్యాబ్ పోయి ఖాళీలు మిగులుతాయి, ‘మిస్సింగ్ సెపరేటర్’ అంటూ ఆగిపోతుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో మేక్ రాసిన స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ఈ ఇబ్బందిని వెంటనే గమనించారు. అప్పటికే పదీపన్నెండు మంది వాడుతున్నారు, వాళ్ల పని చెడగొట్టడం ఇష్టంలేక మార్చలేదు. లోకమంతా దాన్ని తప్పంటుంది. నేను మర్యాద అంటాను.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లదీ అదే మర్యాద: 2023లో 16వ వెర్షన్‌తో మీసన్‌ను తెచ్చారు, అయినా పాత కన్ఫిగర్, మేక్ దారి మూసేయలేదు. ఆ మీసన్ పనిలో ముఖ్యుడైన ఆండ్రెస్ ఫ్రాయిండే 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో దొంగ తలుపును (బ్యాక్‌డోర్) బయటపెట్టాడు. అది విడుదల టార్‌బాల్‌లోని ఒక ఎం4 ఫైలు ద్వారా లోపలికి వచ్చింది, గిట్‌లో ఆ ఫైలు లేదు. అందుకే టార్‌బాల్‌ను నమ్మకండి, గిట్ నుంచే కట్టండి. అదే ఎక్స్‌జెడ్ ప్రాజెక్టు సీమేక్ ఫైలులోని ఒక పరీక్షలో ఎవరో అనవసరంగా ఒక చుక్క పెట్టారు. దాంతో ఆ పరీక్ష ఎప్పుడూ కంపైల్ అయ్యేది కాదు, లినక్స్‌లోని ల్యాండ్‌లాక్ రక్షణ లేదనే తేలేది. ‘చూశారా, రెండు వ్యవస్థలుంటే రెండు కన్నాలు’ అని దీన్నే చూపిస్తారు. నాకు ఇందులో కనిపించేది వేరు. ఒకే యంత్రం మీద రెండు దారుల్లోనూ కట్టి, ఏ సదుపాయం దొరికిందని ఏది చెప్పిందో పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ఉందని, ఇంకొకటి లేదని అంటే అక్కడే పట్టుకోవచ్చు. ఒక్క దారే ఉంటే పోల్చడానికి ఏముంటుంది?

తెలుగు అనువాదాలు చేసేవాళ్లకు, పాతవాళ్ల పని చెడగొట్టని ఈ మర్యాద విలువ ఇంకా బాగా తెలుస్తుంది. గ్నోమ్ ప్రోగ్రామ్‌లు ఆటోటూల్స్ నుంచి మీసన్‌కు మారినా, పీఓ ఫోల్డర్‌లోని లింగ్వాస్ ఫైలును మీసన్ అలాగే చదువుకుంటుంది. అందులో ‘టీఈ’ అని ఉంటే చాలు, తెలుగు ఫైలు పాతచోటే, పాత పేరుతోనే పనిచేస్తుంది.

మీ ప్రాజెక్టును ఇప్పుడే కంపైలర్, మేక్ మాత్రమే ఉన్న ఒక యంత్రం మీద, నెట్ ఆపేసి, ‘మేక్’ అని కొట్టి చూడండి. ఆగిపోతే ఆ నాలుగు టార్గెట్లూ ఈ వారమే రాసిపెట్టండి.