కొట్టనివ్వని వాడి కొలువు

అబ్బయ్యా, మైపాడు ఇసుకలో బంతి తన్నుతూ, పెద్దయ్యాక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడతానంటున్నావట. సంతోషం. అందులోనూ ఫార్వర్డ్‌గా కాదు, డిఫెండర్‌గా ఆడతానంటున్నావట. ఇది మాత్రం కాస్త కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. నీ జాతకం ఇప్పుడే చెప్పేస్తాను. దోషాలు దాచను. పరిహారాలు కూడా ఉన్నాయి గానీ అవి నీ చేతిలో లేవు.

ముందు నీ ఉద్యోగమేమిటో తెలుసుకో. అవతలి ఫార్వర్డ్ బంతితో నీ మీదికి వస్తాడు. తొందరపడి కాలు చాపావా, పోయావే. వాడికి కావలసింది అదే. నువ్వు ఒక భుజం ముందుకు పెట్టి పక్కవాటుగా నిలబడాలి. మోకాళ్లు కొద్దిగా వంచి, బరువంతా మునివేళ్ల మీద ఉంచి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరగాలి. వాడి కళ్లు చూడకు, భుజాలు చూడకు, అవి అబద్ధాలాడతాయి. బంతిని చూడు. గోలు వైపు దారి మూసి, టచ్‌లైన్ వైపు దారి తెరిచి పెట్టు. తనకు దారి దొరికిందనుకుని వాడు సంబరంగా అటు పోతాడు. పోయాక ఒక పక్క గీత, ఒక పక్క నువ్వు. చేసేది లేక బంతి వెనక్కి ఇచ్చుకుంటాడు. అయిపోయింది. నువ్వు గెలిచావు. చప్పట్లు లేవు, రీప్లే లేదు. నువ్వు గెలిచిన ఆ నిమిషంలో గ్యాలరీలో జనం సమోసాల వాణ్ని కేకేస్తుంటారు.

తొంభై నిమిషాలూ ఇలాగే గెలిచి, చివర్లో ఒక్కసారి కాలు జారావనుకో. అప్పుడు కెమెరాలన్నీ నీ వైపు తిరుగుతాయి. నీ పేరు అప్పుడే కామెంటేటర్‌కు గుర్తొస్తుంది. మన పెన్నా పొర్లుకట్ట సంగతీ అంతే కదా. ఏళ్ల తరబడి నీళ్లను ఆపుతుంటే కట్ట మీద గొర్రెలు తోలుకుపోయేవాళ్లే తప్ప దాన్ని పలకరించినవాళ్లు లేరు. 2021 నవంబరు వరదలొచ్చాక గదా పొర్లుకట్టల పేర్లు పేపర్లలో మొదటి పేజీకి ఎక్కింది!

ఇది మన దరిద్రమొక్కటే అనుకోకు. లోకమంతా ఇంతే. బాలన్ డి'ఓర్ అనే పెద్ద బహుమతి 1956 నుంచి ఇస్తున్నారు. ఇన్నేళ్లలో అది అందుకున్న డిఫెండర్లు ముగ్గురు. బెకెన్‌బావర్ రెండుసార్లు, 1972లో, 1976లో. సామర్ 1996లో. కన్నవారో 2006లో. ఆ తర్వాత మళ్లీ ఒక్కడూ లేడు. జట్టులో మామూలుగా నలుగురు డిఫెండర్లు ఆడతారు, కిరీటం మాత్రం తరానికొక్కరికి వస్తే గొప్ప. తప్పుకు దొరికే ఫలితంలో మాత్రం ఈ పీనాసితనం ఉండదు. 1994 ప్రపంచ కప్‌లో అమెరికా మీద సొంత గోల్లోకి బంతి పోనిచ్చిన కొలంబియా డిఫెండర్ ఆంద్రెస్ ఎస్కోబార్‌ను పది రోజులకు సొంత ఊళ్లోనే కాల్చి చంపారు.

అంతదాకా పోని చోట వేళాకోళంతో సరిపెడతారు. 2022లో ఘనా పార్లమెంటులో బడ్జెట్ మీద చర్చ జరుగుతోంది. ఒక ప్రతిపక్ష సభ్యుడు లేచి, దేశ ఉపాధ్యక్షుడు ఆర్థిక వ్యవస్థను ఇంగ్లండ్ డిఫెండర్ హ్యారీ మగ్వాయర్ కాపాడినట్టు కాపాడుతున్నాడని ఎద్దేవా చేశాడు. సభంతా నవ్వింది. మరుసటి ఏడాది మగ్వాయర్ ఆట మెరుగుపడింది. అదే సభ్యుడు అదే సభలో లేచి మగ్వాయర్‌కు క్షమాపణ చెప్పాడు. ఉపాధ్యక్షుడికి మాత్రం చెప్పలేదు. డిఫెండర్‌ను తిట్టి తర్వాత క్షమాపణ చెప్పిన నాయకుడు ఇప్పటికి లోకంలో ఒక్కడు దొరికాడు. ఆయనా మన దేశం వాడు కాదు.

మన దేశం సంగతికొద్దాం. డిఫెండర్‌ను జనం ఎప్పుడు గుర్తు పెట్టుకుంటారో తెలుసా? డిఫెండర్ పని మానేసినప్పుడు. 1962 జకార్తా ఆసియా క్రీడలు. మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ అతన్ని వెనక ఆడించకుండా తీసుకుపోయి ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. ఫైనల్లో కొరియా మీద జర్నైల్ గోలు కొట్టాడు, 2-1తో స్వర్ణం వచ్చింది. అంతకు ముందు ఏళ్ల తరబడి అతను ఆపిన గోల్స్ కథ చెప్పమను, ఎవడూ చెప్పలేడు. ఫైనల్లో కొట్టిన ఆ గోలు మాత్రం అందరికీ నోటికొచ్చు.

మన తెలుగు నేల డిఫెండర్లకు కరువేం కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు ఎత్తుకొచ్చింది. ఆ జట్టు వెనక వరసలో నిలబడ్డ అజీజుద్దీన్ 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయాడు. హెల్సింకిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా దిగి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో సెమీ ఫైనల్ దాకా పోయి నాలుగో స్థానంలో నిలిచారు. తర్వాత నయీముద్దీన్ వచ్చాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ ఈ హైదరాబాదీ డిఫెండరే. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య అందుకున్నాడు. ఆ కాంస్యం తర్వాత ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్‌కు ఇంకో పతకం లేదు. ఆంధ్రప్రదేశ్ పేరు మీద సంతోష్ ట్రోఫీ 1965-66లో ఒక్కసారి వచ్చింది, మళ్లీ రాలేదు.

ఇంత చరిత్ర ఉంది కదా, వీధికొక విగ్రహం ఉంటుందనుకునేవు. మన విగ్రహాల జాబితాలో డిఫెండర్‌కు చోటు లేదు. వాడికి కులసంఘం లేదు, ఓటుబ్యాంకు లేదు, వాడు కొట్టిన డైలాగు లేదు. మన తెలుగు కుర్రాళ్లను అజీజుద్దీన్ ఎవరని అడుగు. ఏ సినిమాలో విలనో చెప్పమంటారు.

పోలీసు జట్టులో ఒక సుఖముండేది. ఆడినా ఆడకున్నా ఒకటో తేదీ జీతం వచ్చేది. ఇప్పుడు ఆ పాత రోజులు పోయాయి, ప్రొఫెషనల్ రోజులు వచ్చాయి. 2019లో పుణె క్లబ్బు మూతపడి దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. తెలుగు పేపర్లు ఆ రోజు గర్వపడ్డాయి. మరుసటి రోజు క్రికెట్‌కు పోయాయి. ఆ గెలిచిన జట్టు గోడ చింగ్లెన్‌సనా సింగ్, మణిపూర్ వాడు. 2023 మే 3న కోళికోడ్‌లో హైదరాబాద్ తరఫున ఆడుతున్నాడు. అదే రోజు మణిపూర్‌లో మొదలైన అల్లర్లలో ఊళ్లో అతని ఇల్లు కాలిపోయింది. ఇతరుల గోలు కాపాడటం వృత్తిగా పెట్టుకున్నవాడి ఇంటి ముందు అడ్డంగా నిలబడే దిక్కు లేకపోయింది.

ఆ తర్వాత క్లబ్బులో జీతాలు ఆగాయి. ఆటగాళ్లు ఒక్కొక్కరే సంచీ సర్దుకున్నారు. కప్పు ఎత్తిన రెండేళ్లకు, 2023-24లో, జట్టు పట్టికలో అట్టడుగున తేలింది. 2025లో క్లబ్బునే ఢిల్లీకి తరలించి పేరు మార్చేశారు. పుణె నుంచి వచ్చింది, ఢిల్లీకి పోయింది, మధ్యలో మనకొక కప్పు చూపించింది. దారిలో అడ్డుపడ్డ ఒక్క తెలుగు నాయకుడి పేరు చెప్పు, నీకు నెల్లూరు చేపల పులుసు నేను వండి పెడతాను. ఢిల్లీకి పోతున్నది ఓడరేవో, రైల్వే జోనో అయితే ఎంత రచ్చ చేసేవాళ్లం! క్లబ్బు గదా, పోనీలే అన్నాం.

ఇక 2025లో లీగే ఆగిపోయింది. ఫుట్‌బాల్ సమాఖ్యకూ దాని వ్యాపార భాగస్వామికీ 2010లో 15 ఏళ్లకు ఒప్పందం కుదిరింది. ముగిసేది 2025 డిసెంబరులో. అంటే ఎప్పుడు ముగుస్తుందో 15 ఏళ్ల ముందే తెలుసు. తెలిసినా, జులై వచ్చేదాకా కొత్త ఒప్పందం తేలలేదు. సీజన్ పక్కన పెట్టేశారు. మన తీరానికి దగ్గరలో ఉన్న చెన్నై క్లబ్బు పనులు నిలిపేసింది. బెంగళూరు క్లబ్బు జీతాలే ఆపేసింది. సెప్టెంబరులో మొదలు కావలసిన లీగు ఆ ఏడాది ముగిసేదాకా మొదలు కాలేదు.

ఇక్కడ మీ నాన్న చేసే చేపల వేటతో పోల్చి చూసుకో. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. 61 రోజులు. తేదీలు ముందే తెలుసు, పడవలు ఒడ్డున ఉంటాయి, వలలు బాగు చేసుకుంటారు. 2025లో వేటకు పోయే ఒక్కో మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం 20 వేలు భృతి కూడా ఇచ్చింది. చేపలు గుడ్లు పెట్టాలని సముద్రానికి సెలవిస్తే జాలరికి భృతి ఉంది. పెద్దమనుషులు సంతకాలు పెట్టలేదని ఆటకు సెలవిస్తే డిఫెండర్‌కు ఏముంది? చేప పాటి లెక్క కూడా లేదు వాడికి.

మన రాష్ట్రమూ ఆటల్ని మరిచిపోలేదులే. 2023 డిసెంబరు 26న ‘ఆడుదాం ఆంధ్రా’ అన్నారు. ఊరూరా ఆడించారు. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. ఐదు ఆటలు లెక్కపెట్టి, ప్రపంచమంతా ఆడే ఆరో ఆటను అవతల పెట్టారు. పొరుగు తెలంగాణలో 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలో జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. ఒకప్పుడు ఆ ట్రోఫీని ఇంటికి తెచ్చుకున్న తెలుగువాళ్లం కుర్చీలు వేశాం, మంచినీళ్లు అందించాం.

ఇంత విన్నా నీ పట్టు సడలలేదనుకుందాం. పెళ్లి వయసొస్తుంది. మీ మేనమామ సంబంధం మాట్లాడటానికి అల్లూరు పోతాడు.

“అబ్బాయి ఏం జేస్తాడన్నా?”

“ఫుట్‌బాల్ ఆడతాడు. డిఫెండర్.”

“మంచిదే. ఎన్ని గోల్సు కొట్టుండాడు?”

“కొట్టడన్నా. ఎవర్నీ కొట్టనీడు.”

“కొట్టనోడికి జీతమెందుకిస్తారన్నా?”

“ఈ సంవత్సరం ఇవ్వలేదులే.”

“అట్టనా! అయితే న్యాయంగానే ఉండారే!”

నిజమైన డిఫెన్స్ చూడాలనుంటే మాత్రం స్టేడియం దాకా పోనక్కర్లేదు. మా ఊరి పిల్లలకు ఒక గ్రౌండు కావాలని అర్జీ రాసుకుని ఏ ఆఫీసుకైనా పో. లోపలున్నాయన నీ మీదికి దూకడు, కాదనడు. పక్కవాటుగా తిరిగి కూర్చుంటాడు. నీ ముఖం చూడడు, చేతిలో కాగితాన్ని చూస్తాడు. చిన్న చిన్న మాటలతో వెనక్కి జరుగుతాడు. పెద్ద సారు ఉన్న గది వైపు దారి మూసి, పక్క ఆఫీసు వైపు దారి చూపిస్తాడు. పని అవుతోందనుకుని నువ్వు సంబరంగా అటు పోతావు. అక్కడ ఇంకొకాయన, ఆయన తర్వాత మరొకాయన. పోయి పోయి గీత దగ్గర ఇరుక్కున్నాక అర్జీ వెనక్కి తీసుకుని ఇంటికొస్తావు. ఒక్క ఫౌలు లేదు, ఒక్క కార్డు లేదు. అజీజుద్దీన్ విద్య మైదానంలో అంతరించిందని బాధపడతారు గానీ, ఆఫీసుల్లో భద్రంగానే ఉంది.

ఆఫ్‌సైడ్ ఉచ్చు పన్నడంలోనూ వాళ్లను మించినవాళ్లు లేరు. బిల్లు మంజూరు కావలసిన క్షణానికి నలుగురూ కలిసి ఒక్క అడుగు ముందుకేసి చేతులెత్తుతారు: “నా పరిధిలోది కాదు.” అదే స్థలంలో రొయ్యల గుంట తవ్వడానికి పొక్లెయినర్ తెచ్చినవాడి ముందు మాత్రం ఈ వరస మొత్తం రెండుగా చీలి దారిస్తుంది. అక్కడ ఎవరి పరిధి దాటిందో అడిగే రిఫరీ ఉండడు.

కాబట్టి అబ్బయ్యా, ఈ దేశంలో డిఫెండర్లకు కొదవ లేదు. వాళ్లు తప్పు చోట ఆడుతున్నారు. గోలు ముందు నిలబడవలసిన వాళ్లు జీతం రాక ఇంట్లో కూర్చుంటే, ఆట ముందు అడ్డంగా నిలబడినవాళ్లు ఒకటో తేదీన జీతం తీసుకుంటున్నారు. 2025లో భారత జట్టు ప్రపంచ ర్యాంకు 130 దాటి దిగజారిందని ఏడ్చేవాళ్లు ఆ లెక్క ముందు చూడాలి.

నీకు చెప్పేదొక్కటే. ఆట మానకు. మీ వాళ్లకు చెప్పేది మాత్రం మూడు. కావలి, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు: తీరం వెంబడి మండలానికొక మైదానం, దాని చుట్టూ ఆక్రమణ రాకుండా ఒక కంచె. బడి పిల్లలకు ఏటా ఆగకుండా జరిగే ఒక లీగు. ఒప్పందం మీద ఆడే ఆటగాడికి జీతం ఎగ్గొడితే ఆ క్లబ్బును మరుసటి సీజన్‌లో దించకుండా ఆపే ఒక నిబంధన, అది అమలు చేసే ఒక మనిషి. ఈసారి ఓట్లడగడానికి వచ్చే ప్రతి నాయకుణ్నీ ఈ మూడూ అడగండి. ఆయన పక్కవాటుగా తిరిగి ఇంకెవరి దగ్గరికైనా దారి చూపించబోతే కదలకండి. సమాధానం చెప్పేదాకా ఆయన ముందే నిలబడండి.